హెచ్చరిక: డ్రైవరుకు నిద్ర లేకుండా నల్లమల ఎక్కొద్దు

దసరా సెలవులు మొదలైనప్పటి నుంచి కార్తీక పౌర్ణమి దాటేదాకా ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల రోడ్ల మీద బండ్ల రద్దీ నల్లమల వైపు సాగుతుంది. వానలు వెనకబట్టినా అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, కృష్ణ నిండుగా ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది. హైదరాబాదు నుంచే కాదు, జడ్చర్ల, మహబూబ్‌నగర్, నల్లగొండ, మిర్యాలగూడ నుంచి కూడా నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటాయి. స్నేహితులు చందాలు వేసుకుని బండి కట్టుకుంటారు. లోపలే మంచాలు, పొయ్యి అమర్చిన కారవాన్లు కూడా ఈమధ్య ఈ దారుల్లో కనిపిస్తున్నాయి. నలుగురూ కలిసి అడవిని, ఏటిని, దేవుణ్ని చూసిరావడం మంచి సంగతే. ఆ సంతోషాన్ని ఎవరూ కాదనరు.

కానీ ఈ ప్రయాణాల్లో ఒక ప్రమాదకరమైన అలవాటు పాతుకుపోయింది. అర్ధరాత్రి దాటాక ఇల్లు కదలడం, తెల్లారేసరికి మన్ననూర్ గేటు దగ్గర ఉండడం, మధ్యాహ్నానికి శ్రీశైలంలో దర్శనం, సాయంత్రం అడవి గేటు మూయకముందే బయటపడడం, మళ్లీ అర్ధరాత్రికి ఇల్లు. ఇదంతా ఒక్క రోజులో, ఒక్క డ్రైవరుతో. గది అద్దె, ఒక రోజు సెలవు, బండి రెండో రోజు కిరాయి మిగులుతాయని ఈ లెక్క. ఆ మిగులు కోసం పన్నెండు, పదిహేను మంది ప్రాణాలు పణంగా పెడుతున్నామని ఎవరికీ తోచడం లేదు. ఈ పండుగ కాలంలో బండి మాట్లాడుకున్న ప్రతి కుటుంబానికీ, ప్రతి స్నేహబృందానికీ మేం చెప్పదలచింది ఒక్కటే: డ్రైవరు నిండా నిద్రపోనిదే బండి కదలనివ్వకండి. చీకట్లో అడవి దాటే ప్రయాణం పెట్టుకోకండి.

గేటు వేళలు తెచ్చిన పరుగు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి ఆమనగల్లు, డిండి, హాజీపూర్ దాటాక మన్ననూర్ దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా కృష్ణ ఒడ్డున పాతాళగంగ దాకా అంతా అడవే. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. రోడ్డు దాటే పులి, చిరుత, దుప్పి, కొండచిలువ బండ్ల కింద పడకుండా పెట్టిన నియమమిది. చాలా మంచి నియమం. ఆవలి వైపు దోర్నాల ఘాట్‌లో కూడా రాత్రిపూట ఇలాంటి ఆంక్షే ఉంది.

ఈ నియమాన్ని మనం తలకిందులుగా అర్థం చేసుకున్నాం. ఆరింటికి గేటు తెరుస్తారంటే ఆరింటికల్లా గేటు దగ్గర వరుసలో ముందుండాలని అనుకుంటున్నాం. అలా ఉండాలంటే హైదరాబాదులో రెండింటికో, మూడింటికో బండి కదలాలి. తొమ్మిదింటికి మూస్తారంటే తొమ్మిదికి పది నిమిషాల ముందైనా దోమలపెంట చెక్‌పోస్టు దాటితే చాలనుకుంటున్నాం. కార్తీకంలో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే గేటు మూసేసరికి అడవిలో మూడు గంటల చీకటి గడిచి ఉంటుంది. జంతువుల కోసం పెట్టిన వేళలు మన క్షేమానికి కొలత కావు. తొమ్మిది దాకా పోనిస్తున్నారు కాబట్టి తొమ్మిది దాకా భద్రమేనని ఎవరూ అనుకోవద్దు.

ఇక దర్శనం వరుస ఎంత సేపు పడుతుందో ముందుగా తెలియదు. సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి రోజుల్లో గంటలు గంటలు పడుతుంది. శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తిన రోజైతే నీటిని చూడడానికి ఘాట్ రోడ్డు పొడవునా బండ్లు ఆగిపోతాయి. అనుకున్న వేళకు కొండ దిగడం కుదరదు. అప్పుడు బండిలో అందరూ ఒకే మాట అంటారు: "అన్నా, జరంత తొందరగ పోనియ్యి, గేటు పడ్తది." ఆ మాట వింటున్న మనిషి అంతకుముందు రాత్రి నిద్రపోలేదు. రాత్రి రెండింటికి బయలుదేరిన బండి మళ్లీ రాత్రి పదకొండుకు ఇల్లు చేరితే 21 గంటలు. అంతసేపు మెలకువగా ఉన్నవాడి చేతిలో మలుపుల దారి పెట్టి, వెనక సీట్లలో మనం పిల్లల్ని ఒళ్లో వేసుకుని నిద్రపోతున్నాం.

తెల్లవారుజాము ఏం చేసిందో పాలమూరుకు తెలుసు

2013 అక్టోబరు 30. దీపావళికి ముందు రోజులు. బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద ఒక కారును దాటబోయి కల్వర్టును గుద్దింది. డీజిలు ట్యాంకు పగిలి మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 45 మంది కాలిపోయారు. ఆ రోజు మహబూబ్‌నగర్ జిల్లా చూసిన దృశ్యాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు, మరచిపోకూడదు.

2025 అక్టోబరు 24. మళ్లీ అదే రహదారి, అదే నెల, దాదాపు అదే ఝాము. హైదరాబాదులో బయలుదేరి పాలమూరు మీదుగా బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక ద్విచక్ర వాహనాన్ని ఈడ్చుకుపోయింది. మంటలు అంటుకున్నాయి. బస్సులోని 19 మంది, ద్విచక్ర వాహనదారు చనిపోయారు. తలుపు తెరుచుకోక, కిటికీలు పగలక, పొగలో దారి కనబడక పోయిన ప్రాణాలే ఎక్కువ.

ఈ రెండు ఘటనలకూ కారణాలు ఒకటి కావు. కల్వర్టు వేరు, ద్విచక్ర వాహనం వేరు. కానీ రెండింటిలోనూ రోడ్డు మీద అనుకోనిది ఎదురైంది తెల్లారకముందు. తప్పించుకోవలసినవాళ్లు గాఢనిద్రలో ఉన్నారు. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు దాకా మనిషి శరీరం నిద్రను గట్టిగా కోరుతుంది. టీ తాగినా, ముఖం కడుక్కున్నా, పాటలు పెట్టుకున్నా ఆ కోరిక పోదు, కాసేపు వెనక్కి జరుగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్లు స్టీరింగు ముందు ఎవరూ లేనట్టే.

ఈ కాలంలో ఈ రోడ్ల మీద ఏముంటుంది

పట్టణం నుంచి వచ్చేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. దసరా నుంచి కార్తీకం దాకా ఇక్కడి రోడ్లు రైతువి. అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ ప్రాంతాల్లో పత్తి ఏరే కాలం. జిన్నింగు మిల్లులకు పత్తి మోసే ట్రాక్టర్లు రోడ్డు వెడల్పంతా ఆక్రమించేలా ట్రాలీ నింపుకుని చీకట్లోనే బయలుదేరతాయి. చాలా ట్రాలీలకు వెనక ఎర్రలైటు ఉండదు, మెరిసే స్టిక్కరు కూడా ఉండదు. దగ్గరికి వెళ్లేదాకా అక్కడొక బండి ఉందని తెలియదు.

నల్లగొండ ఆయకట్టులో అదే సమయానికి వానాకాలం వరి కోతలు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ వెళ్లే 167వ నంబరు జాతీయ రహదారి, సాగర్ రోడ్డు, ఊళ్లను కలిపే దారులు, ఎక్కడ చూసినా వడ్లు ఆరబోసి ఉంటాయి. కల్లాలు లేని రైతు తారురోడ్డునే కల్లం చేసుకుంటాడు. పగలు ఆరబోసిన వడ్లను రాత్రి కుప్పచేసి, టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతాడు. కాపలాకు ఆ కుప్ప పక్కనే పడుకుంటాడు కూడా. లైట్ల వెలుగులో నల్లటి టార్పాలిన్ నల్లటి రోడ్డులో కలిసిపోతుంది. తప్పు రైతుదేనని ఊరుకుంటే సరిపోదు. ఆ కుప్పను గుద్దితే బండిలోవాళ్లూ పోతారు, కుప్ప పక్కన నిద్రపోయే మనిషీ పోతాడు.

ఇంకా ఉన్నాయి. మేత కోసం పాలమూరు గొల్ల కురుమలు మందల్ని తోలుకుని నీళ్లున్న ఆయకట్టు వైపు నడిచే కాలమిదే. వందల గొర్లు తెల్లారకముందే రోడ్డెక్కుతాయి. కూలీలు ఆటోల్లో కిక్కిరిసి చేన్లకు పోతారు. సీతాఫలాల బుట్టలు పెట్టుకుని ఆడవాళ్లు రోడ్డంచున కూర్చుంటారు. బుట్ట కనబడగానే బండి టక్కున ఆపడం, వెనకవచ్చే లారీ దాన్ని గుద్దడం జరుగుతుంది. ఫలాలు కొనండి, ఆ అమ్మలకు నాలుగు రూపాయలు రావాలి. కానీ బండిని తారు దాటించి, మట్టిలోకి పూర్తిగా దింపి ఆపండి. పిల్లల్ని రోడ్డు వైపు తలుపు నుంచి దించకండి.

పగటి వెలుగులో వీటిలో ప్రతి ఒక్కటీ దూరం నుంచే కనిపిస్తుంది, వేగం తగ్గించడానికి వీలుంటుంది. చీకట్లో, నిద్రమత్తులో ఏ ఒక్కటైనా చాలు.

డ్రైవరుకు గది ఎవరు తీస్తున్నారు?

మనస్సాక్షితో ఆలోచించాల్సిన మాట ఇది. పన్నెండు మంది ప్రయాణానికి నెల ముందే సత్రంలో గదులు పట్టుకుంటాం. ఎవరు ఎక్కడ పడుకోవాలో, పిల్లలకు పాలు ఎక్కడ దొరుకుతాయో రాసుకుంటాం. ఆ లెక్కలో పదమూడో మనిషి ఉండడు. మనం దర్శనానికి వెళ్తే అతడు పార్కింగులో ఎండలో, దోమల్లో, హారన్ల మోతలో సీటు వాల్చి కళ్లు మూసుకుంటాడు. దాన్ని నిద్ర అనరు. సాయంత్రం మనం స్నానం చేసి, భోంచేసి వచ్చి "పోదాం పద" అంటాం. అతడు కాదనలేడు. కాదంటే రేపు ఆ కిరాయి ఇంకొకరికి పోతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. డ్రైవరు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి సాధారణంగా పనిచేయకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. వరసగా 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉంది. మోటారు వాహనాల చట్టం కూడా ఇదే పని గంటల పరిమితిని చెబుతుంది. ట్రావెల్స్ యజమానులు ఈ లెక్క పాటిస్తున్నారో లేదో ఎవరూ అడగడం లేదు. అడిగే హక్కు కిరాయి ఇచ్చేవాళ్లకు ఉంది, వాళ్లే అడగాలి.

బండి మాట్లాడేటప్పుడు ఏసీ పనిచేస్తుందా, టీవీ ఉందా, సీట్లు వాలుతాయా అని అడుగుతున్నారు. ముందు అడగాల్సిన ప్రశ్న: "నిన్న రాత్రి ఈ డ్రైవరు ఎక్కడున్నాడు?" పండుగ కాలంలో ఒక ట్రిప్పు దింపి అదే డ్రైవరును రెండు గంటల్లో ఇంకో ట్రిప్పుకు పంపడం మామూలైపోయింది. తిరుపతి నుంచి అప్పుడే వచ్చిన మనిషి శ్రీశైలం బండెక్కుతున్నాడు. అనుమానం వస్తే అతన్నే మెల్లగా, మర్యాదగా అడగండి: "తమ్మీ, నిన్న నిద్రయిందా?" పండుకోలేదంటే బయలుదేరకండి. యజమానితో గొడవైనా సరే, అడ్వాన్సు పోయినా సరే.

రాత్రి బస ఉంటే డ్రైవరుకు కూడా మంచం, ఫ్యాను, దుప్పటి ఉన్న చోటు చూపించండి. ఆ ఖర్చు పన్నెండు మందికి పంచితే తలా ఒక భోజనం ఖరీదు కూడా కాదు. అతడు మనతోపాటు తినాలి, మనకంటే ముందు పడుకోవాలి. దీన్ని దయ అనుకోవద్దు. మన పిల్లల ప్రాణాలు అతని కళ్లలో ఉన్నాయి.

ఘాట్ దిగేటప్పుడు

అమ్రాబాద్ పీఠభూమి మీద రోడ్డు చాలా దూరం చదునుగా, చెట్ల నీడలో సాగుతుంది. అక్కడ అలవాటైన వేగం ఈగలపెంట దాటాక పనికిరాదు. అక్కడి నుంచి రోడ్డు ఒక్కసారిగా కృష్ణలోకి దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెంటవెంటనే మలుపులు. వంతెన దాటాక సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడు. ఈ దారిని మైదానం మీద మాత్రమే నడిపిన డ్రైవరుకు అప్పగించకూడదు.

దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచి వస్తే డ్రమ్ములు వేడెక్కి, బ్రేకు పట్టు పోతుంది. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికి కూడా అదే గేరు వేయాలి. ఇంజను పట్టుతోనే బండి వేగం తగ్గాలి, బ్రేకును ఆగి ఆగి వాడాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఇంజను ఆపేయడం ఆత్మహత్యతో సమానం. ఇంజను ఆగితే బ్రేకుకు అందే బలం, స్టీరింగుకు అందే బలం రెండూ పోతాయి. కాలిన వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపి, చక్రాలు చల్లారేదాకా కూర్చోవాలి. టాపు మీద గ్యాసు సిలిండర్లు, బిందెలు, వంటసామాను కట్టిన బండి మలుపులో పక్కకు ఒరుగుతుంది. సామాను కిందే ఉండాలి.

సీట్లకు మించి మనుషుల్ని ఎక్కిస్తే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు చూపింది. వందమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు ఘాట్ మలుపులో లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. "చిన్నపిల్లలే కదా, ఒళ్లో కూచుంటరు" అని మనం ఎక్కించే నలుగురైదుగురు కూడా బండికి బరువే. బ్రేకుకు పిల్లలు, పెద్దలు అనే తేడా తెలియదు.

బండిలోనే పడుకుంటామనేవాళ్లకు

కారవాన్ ఉంది కాబట్టి గది అక్కర్లేదు, చీకటి పడ్డచోట ఆగి పడుకుంటామని కొందరు అంటున్నారు. రాత్రి ప్రయాణం కంటే అది మేలే, కానీ చోటు సరైనదై ఉండాలి. అభయారణ్యంలో రోడ్డు పక్కన ఆగడం, వండుకోవడం, మంట వేయడం చట్టవిరుద్ధం. వాన వెనకబట్టాక గడ్డి ఎండడం మొదలవుతుంది. ఆర్పకుండా వదిలిన ఒక్క కట్టె చెంచుల పెంటల దాకా మంటను తీసుకెళ్లగలదు. ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్న మనుషుల ఇళ్లవి. కోతులకు అరటిపండ్లు విసరడం కూడా ఇక్కడ నేరమే. ఆ పండ్ల కోసం కోతులు రోడ్డెక్కుతాయి, వాటిని తప్పించబోయి బండ్లు లోయ వైపు తిరుగుతాయి. మన్ననూర్‌లోనో, శ్రీశైలంలోనో, సాగర్ హిల్ కాలనీలోనో మనుషులున్న చోట, కాపలా ఉన్న పార్కింగులోనే ఆగండి.

మూసిన బండిలో ఇంకో మృత్యువు ఉంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు పొగ లోపలికి చేరింది. దానిలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత మెలకువ రాని నిద్ర. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో విహారయాత్రకు వెళ్లిన ఎనిమిది మంది కేరళీయులు చలికి గ్యాసు హీటరు పెట్టుకుని మూసిన గదిలో ఇలాగే పోయారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు.

కార్తీకంలో నల్లమలలో తెల్లవారుజామున బాగా చలి పెడుతుంది. బండి లోపల కుంపటి పెట్టకండి. గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం వదలకండి. ఇంజను నడిపి ఏసీ వేసుకుని పడుకోకండి. జనరేటరు ఉంటే బండికి దూరంగా, గాలి దాని పొగను బండి వైపు తేని చోట పెట్టి, పడుకునే ముందు ఆపేయండి. రెండు కిటికీలు ఎదురెదురుగా కొద్దిగా తీసి ఉంచండి. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న పరికరం మార్కెట్లో దొరుకుతుంది, కారవాన్ అద్దెకిచ్చే ప్రతివాడూ అది బిగించి తీరాలి.

ఇంకొక సంగతి. మామూలు వ్యానులో మంచాలు, సిలిండరు, అదనపు వైర్లు ఇష్టమొచ్చినట్టు బిగించి కారవాన్ పేరుతో తిప్పుతున్నవి ఉన్నాయి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. తెల్ల నంబరుప్లేటు సొంతబండిని కిరాయికి తీసుకుంటే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. పసుపు ప్లేటు, పర్మిటు, ఫిట్‌నెస్, బీమా తేదీలు బయలుదేరే ముందే చూడండి.

నీటి దగ్గర

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యాము నుంచి నీళ్లు వదిలారు. పారే నది క్షణాల్లో ఎలా లేచిందో వాళ్లకు అర్థమయ్యేలోపే అంతా అయిపోయింది. తెలంగాణ ఏర్పడిన వారంలోనే ఈ నేల మీద పడిన దెబ్బ అది.

శ్రీశైలం దిగువ, నాగార్జునసాగర్ దిగువ కూడా అలాంటి చోట్లే. గేట్లు మూసి ఉన్నాయి కదా అని నదిలోకి దిగవద్దు. విద్యుత్ కేంద్రాలు నడిస్తే గేట్లు ఎత్తకుండానే నీరు పెరుగుతుంది. పాతాళగంగలో కట్టిన గొలుసు దాటి వెళ్లవద్దు. మల్లెలతీర్థం గుండంలో రాళ్లు పాచి పట్టి ఉంటాయి, లోతు కంటికి తెలియదు. సోమశిల దగ్గర వెనుక జలాల ఒడ్డు ఒండ్రుమట్టి, అడుగు పెడితే జారిపోతుంది. కొల్లాపూర్ ప్రాంతానికి కృష్ణ ఎంత దుఃఖం మిగల్చగలదో 2007 జనవరిలో మంచాలకట్ట పుట్టి ప్రమాదం చూపింది. పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ తొడుక్కుని, పట్టీలు బిగించి ఎక్కండి. జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి.

ప్రభుత్వం చేయాల్సిన పని

జాగ్రత్తలు జనానికి చెప్పి అధికారులు తప్పుకోవడానికి లేదు. పండుగ రద్దీ ఏటా వస్తుంది, తేదీలు ముందే తెలుసు. మన్ననూర్, దోమలపెంట, హిల్ కాలనీలలో డ్రైవర్లు పడుకోవడానికి మంచాలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు ఉన్న విశ్రాంతి గదులు కట్టాలి. దేవస్థానం, పర్యాటక సంస్థ, అటవీశాఖ కలిసి పూనుకుంటే పెద్ద ఖర్చు కాదు. ఉదయం గేటు తీసేటప్పుడు ప్లాస్టిక్ సంచులు వెతికినట్టే, డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడో అడగాలి. కళ్లు మూతపడుతున్న డ్రైవరును పక్కన పడుకోబెట్టి రెండు గంటల తర్వాతే వదలాలి. సాయంత్రం ఏ వేళకు కొండ దిగడం మొదలుపెడితే వెలుగుండగా అడవి దాటుతారో శ్రీశైలంలో, పార్కింగుల్లో పెద్ద బోర్డుల మీద రాయాలి.

మార్కెట్ యార్డుల్లో పత్తి ట్రాలీలు లోపలికి వచ్చేటప్పుడే వెనక మెరిసే పట్టీ అంటించి పంపడానికి ఏమంత కష్టం? వడ్లు రోడ్డెక్కకుండా ఊరూరా కల్లాలు, కొనుగోలు కేంద్రాల్లో చాలినంత చోటు ఇవ్వాలి. రైతును తిట్టడంతో రోడ్డు ఖాళీ కాదు. అచ్చంపేట ఆసుపత్రిలో ఈ రెండు నెలలు రాత్రి పగలు శస్త్రచికిత్స వైద్యుడు ఉండాలి. మన్ననూర్, దోమలపెంటలలో 108 బండ్లు నిలిపి ఉంచాలి. అడవిలో చాలా దూరం ఫోనుకు సిగ్నలు అందదు, అక్కడ అత్యవసర ఫోను పెట్టెలు కావాలి.

బయలుదేరేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

రెండు రోజుల ప్రయాణంగానే పెట్టుకోండి. పొద్దు పొడిచాక ఇల్లు కదలండి. మధ్యాహ్నానికి అడవి ప్రశాంతంగా దాటి శ్రీశైలం చేరతారు. రాత్రి అక్కడే ఉండి, మరునాడు పొద్దున దర్శనం చేసుకుని, సాయంత్రం నాలుగు లోపు మన్ననూర్ దాటండి. రెండో రోజుకు సెలవు లేకపోతే అంత దూరం పెట్టుకోకండి. ఒక్క రోజులో చూసిరావడానికి ఉమామహేశ్వరం ఉంది, పిల్లలమర్రి ఉంది, బుద్ధవనం ఉంది, దేవరకొండ ఖిల్లా ఉంది.

దర్శనం ఆలస్యమై గేటు వేళ దాటేలా ఉంటే పరుగెత్తకండి, ఆగిపోండి. గది దొరక్కపోతే సత్రం అరుగు మీదైనా ఆ రాత్రి గడుస్తుంది. మరునాడు ఆఫీసుకు, బడికి ఒక ఫోను చేస్తే సరిపోతుంది.

బండిలో ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, తెరుచుకుంటుందో లేదో చూడండి. దానికి అడ్డంగా సంచులు పెట్టకండి. అద్దం పగలగొట్టే సుత్తి, మంటలార్పే సిలిండరు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆ బండి వద్దనండి. ముందు సీట్లో ఒకరు వంతుల ప్రకారం మెలకువగా కూర్చుని డ్రైవరుతో మాట్లాడుతూ ఉండాలి. అతడు పదే పదే ఆవలిస్తున్నా, గీత దాటుతున్నా, గేరు తప్పుతున్నా వెంటనే ఆపించండి. ప్రమాదం జరిగితే జనాన్ని రోడ్డు మీద నిలబెట్టకండి, అందరినీ కంచె అవతలికి, కొండ వైపుకు చేర్చండి. 112కు, 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. గాయపడ్డవారికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. దగ్గరి ఆసుపత్రి ముందు డబ్బు కట్టమంటే ఆ పథకం పేరు చెప్పి నిలదీయండి. సాయం చేసినవాళ్లను కేసుల పేరుతో వేధించడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి పడి ఉన్నవాళ్లను చూసి ఎవరూ దాటిపోకండి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఈ సంఖ్యలో ఒక్కటి కూడా మన ఇంటి నుంచి చేరకుండా చూసుకోవడం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. ప్రతి బృందంలోనూ ఒక మనిషి ఉంటాడు. బండి మాట్లాడేది, చందాలు వసూలు చేసేది, ఎప్పుడు కదలాలో చెప్పేది అతడే. ఈ హెచ్చరిక ప్రత్యేకంగా అతనికే. రాత్రి రెండింటికి బయలుదేరదామని ఎవరన్నా అంటే "వద్దు, పొద్దు పొడిచాకనే" అని గట్టిగా చెప్పు అన్నా. తొందరపెట్టేవాళ్లు ఒక గంట అలుగుతారు, అంతే. ఈ పండుగకు బండి ఇప్పటికే మాట్లాడి ఉంటే ఈ రోజే ట్రావెల్స్‌కు ఫోను చేసి బయలుదేరే వేళ మార్చు. డ్రైవరుకు ఆ రాత్రి నిద్ర ఉండేలా చూడు, అతని గది డబ్బు చందాలో కలుపు.